ఎడమకాలికి పని లేని బండి

ఆ పట్టణంలో బండి నడిపేవాళ్ళలో సగానికి సగం మంది ఆవిడ చేత తిట్లు తిని బాగుపడ్డవాళ్ళే. పళ్ళ డాక్టరు, కోర్టు గుమాస్తా, పూలకొట్టాయనా, ఆయన ఇద్దరు కోడళ్ళూ, అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆవిడ పక్క సీట్లో చెమటలు కక్కినవాళ్ళే. ఆవిడ అసలు పేరు లైసెన్సు మీద ఉండేది తప్ప ఎవరి నోటా వినపడేది కాదు. అందరికీ ఆవిడ క్లచ్ టీచరు.

ఆ పేరు ఊరికే రాలేదు. మిగతా స్కూళ్ళవాళ్ళు స్టీరింగుతో పాఠం మొదలుపెడితే ఆవిడ ఎడమకాలితో మొదలుపెట్టేది. మొదటిరోజు బండిని అంగుళం కదలనిచ్చేది కాదు.

"చేతులు తియ్, ఆ చక్రం ఎక్కడికీ పారిపోదు. ముందు క్లచ్. మెల్లగా వదులు. నిద్రపోతున్న పసిబిడ్డ తల కింద నుంచి చెయ్యి లాక్కుంటావు చూడు, అలా. ఊఁ... ఊఁ... లేపావ్! ఇక ఏడుపే" అనేది. బండి గుక్కపట్టినట్టు ఊగి చప్పున ఆగిపోయేది. "మళ్ళీ" అనేది.

ఎడమకాలు కుదిరినవాడికి లోకంలో అన్నీ కుదురుతాయని ఆవిడ నమ్మకం. ఇంజిను అబద్ధం చెప్పదన్నది ఇంకో నమ్మకం. "చెవులు తెచ్చుకున్నావా, ఇంట్లో మరిచిపోయి వచ్చావా? రెండో గేరు వెయ్యమని అది మొత్తుకుంటోంది, వినపడట్లేదూ?" అని అరిచేది. ఆ అరుపుకి పక్కసందులో పోయేవాళ్ళు కూడా గేరు మార్చేవారని ఊళ్ళో నవ్వుకునేవారు.

స్కూలు ఆవిడ తమ్ముడిది. రోడ్డు మీదికి తెరుచుకునే ఒకే గది, గోడకి ట్రాఫిక్ గుర్తుల పటం, బల్ల మీద ఒక బొమ్మ కారు, దాన్ని ముందుకీ వెనక్కీ తోస్తూ ఫోన్లో మాట్లాడే తమ్ముడు. గది వెనకే అక్కా బావల ఇల్లు. స్కూలుకున్న పాత పెట్రోలు కారుకి రాత్రి మకాం వాళ్ళ వాకిట్లోనే. ఆ కారుకి ఆస్థాన వైద్యుడు ఆవిడ భర్త. ఆయన ఉద్యోగం తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేయడం. మనసు మాత్రం కారు కింద. ఆదివారం వస్తే చాలు, అట్టపెట్టె ఒకటి విప్పి నేలమీద పరిచి కిందికి దూరేవాడు. ఒక వారం ఆయిలు మార్చడం, ఒక వారం ప్లగ్గులు గీకడం, ఇంకో వారం రేడియేటరు కడగడం, ఏ జబ్బూ లేని వారం ఏదో ఒకటి విప్పి మళ్ళీ బిగించడం. ఇంటికొచ్చిన చుట్టాలు ఆయన పాదాలతో మాట్లాడి వెళ్ళిపోయేవారు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ అలిగేది. పోనుపోను, కనీసం మనిషి ఎక్కడున్నాడో తెలుస్తోంది కదా అని సరిపెట్టుకుంది.

రోజులు ఇలా గడిచిపోతుండగా తమ్ముడు ఆ కారు అమ్మేశాడు.

చెప్పి అమ్మలేదు. చెబితే అక్క అమ్మనివ్వదని వాడికి తెలుసు. సర్వీసుకని తీసుకెళ్ళి, మర్నాడు పొద్దున ఇంకోదాన్ని తెచ్చాడు. ఆవిడ పాఠానికి వచ్చేసరికి గది ముందు తెల్లగా, నున్నగా, ఉడకబెట్టి పెంకు ఒలిచిన కోడిగుడ్డులాంటి కారు నిలబడి ఉంది.

"మన బండేదిరా?"

"ఇదే అక్కా మన బండి. కరెంటుది."

"అది ఏదిరా అంటున్నాను."

"అది... వెళ్ళిపోయిందక్కా."

ఎవరో పోయినట్టే చెప్పాడు. ఆవిడా అలాగే విని గుమ్మం పట్టుకుంది. వాడు గబగబా కొత్తదాని గుణగణాలు ఏకరువు పెట్టాడు.

"ఇక పెట్రోలు బంకు మొహం చూడక్కర్లేదక్కా. రాత్రి ప్లగ్గు పెడితే పొద్దుటికి నిండిపోతుంది. ఆయిలు లేదు, బెల్టు లేదు, సైలెన్సరు లేదు, గేర్లు లేవు, పొగ లేదు..."

"ఆగు. మధ్యలో ఏదో అన్నావ్."

"పొగ లేదన్నాను."

"దానికి ముందు."

తమ్ముడు బొమ్మ కారు చేతిలోకి తీసుకుని దాని చక్రాలు పరీక్షగా చూడసాగాడు.

"అంటే క్లచ్ కూడా లేదా?"

"దానికి ఆ అవసరం లేదక్కా."

"మరి నాకో?" అంది ఆవిడ.

వాడు ముందు ఒకసారి నడిపి చూడమని బతిమాలి డ్రైవరు సీట్లో కూచోబెట్టి, తను పక్కన కూచున్నాడు. బటన్ నొక్కమంటే నొక్కింది. ఏ చప్పుడూ లేదు.

"ఇది స్టార్టవట్లేదురా."

"అయిపోయింది."

"ఏమిటి అయిపోయింది?"

"స్టార్టవడం."

ఆవిడ పళ్ళు నూరుకుంటూ కదిలించింది. కారు నీళ్ళ మీద పడవలా జారిపోయింది. మొదటి మలుపు దాకా బాగానే ఉంది. మలుపు దగ్గర, అలవాటు కొద్దీ, ఆవిడ ఎడమకాలు క్లచ్ కోసం వెతికింది. దొరికింది ఒకటే, వెడల్పాటి బ్రేకు. ఇన్నేళ్ళ అనుభవాన్నంతా కూడగట్టి దాన్ని అదిమింది. కారు నేలలో పాతేసినట్టు ఆగింది. సీటు బెల్టు పట్టుకుంది కాబట్టి తమ్ముడు మిగిలాడు. వాడి కళ్ళజోడు మాత్రం ఎగిరి ముందు అద్దానికి తగిలి ఎక్కడో పడింది. వెనకాల పాలవ్యాను వాడు హారన్ మీద పడుకున్నాడు.

"క్లచ్ మరీ బిర్రుగా ఉందిరా" అంది ఆవిడ.

"అది బ్రేకక్కా!"

రెండో మలుపులోనూ అదే కథ. ఇల్లు చేరేసరికి తమ్ముడు కళ్ళజోడు జేబులో పెట్టుకుని, రెండు చేతులతో పై పిడి పట్టుకుని వేలాడుతున్నాడు. మర్నాటి నుంచి ఆవిడ ఆ కారు నడపవలసి వస్తే ఎడమకాలి చెప్పు విప్పేసి, కాలు మడిచి సీటు కిందికి తోసి కూచునేది, తప్పుచేసిన పిల్లవాణ్ణి మూల నిలబెట్టినట్టు.

భర్త దుఃఖం ఇంకో రకం. ఆదివారం అలవాటుగా అట్ట పరిచి కిందికి దూరాడు. దూరినంత వేగంగానూ బయటికొచ్చాడు.

"ఏమైందండీ?"

"కింద ఏమీ లేదు. చదునుగా పలకలా ఉంది. ఒక్క చుక్కయినా కారట్లేదు."

బానెట్ ఎత్తాడు. ఇంజిను ఉండాల్సిన చోట మూత ఉన్న ప్లాస్టిక్ తొట్టి ఒకటి, దాని వెనక ఏవో డబ్బాలు, లావుపాటి నారింజరంగు తీగలు, వాటి మీద ముట్టుకోవద్దని మెరుపు బొమ్మ. తొట్టిలోకి తొంగిచూసి, "ఇందులో కూరగాయలు పెట్టుకోవచ్చు" అన్నాడు నీరసంగా.

"బావా, ఆ తీగల జోలికెళ్ళకు. నీకేమన్నా అయితే అక్క నన్ను బతకనివ్వదు" అన్నాడు తమ్ముడు.

"మరి నేనేం చెయ్యాలిరా?"

"అద్దం కడిగే నీళ్ళు పొయ్యొచ్చు. టైర్లలో గాలి చూడొచ్చు. బ్యాటరీ బరువుకి వీటి టైర్లు కాస్త త్వరగా అరుగుతాయట."

ఆ చివరిమాటతో ఆయన ప్రాణం లేచొచ్చింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం టార్చిలైటు పట్టుకుని టైరు టైరునీ పరీక్షించేవాడు. "అరిగాయా?" అని ఆవిడ అడిగితే, "ఇప్పుడిప్పుడే కొంచెం ఆశ కనిపిస్తోంది" అనేవాడు.

పాఠాలు సాగుతున్నాయి, కాని ఆవిడకి పాఠం మిగల్లేదు. వచ్చినవాళ్ళు కూచుంటున్నారు, నొక్కుతున్నారు, పోతున్నారు. బండి ఆగిపోదు, గుక్కపట్టదు, ఎత్తులో వెనక్కి జారదు. కాలు తీస్తే దానంతటదే నెమ్మదిస్తుంది, బ్రేకుకి కూడా పెద్దగా పని పడదు. తిట్టడానికి కారణం దొరక్క ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచునేది. లోపల ఎంత నిశ్శబ్దమంటే, ఆవిడ కడుపులో ఆకలి చప్పుడు నేర్చుకునేవాళ్ళకి వినపడేది.

ఆ నేర్చుకునేవాళ్ళలో బేకరీ ఆవిడ ఒకతె. భర్త రొట్టెల పొయ్యి దగ్గరా, వ్యానులోనూ ఒకేసారి ఉండలేకపోతున్నాడని, ఊళ్ళో కొట్లకి రొట్టెలు వెయ్యడానికి ఒక చిన్న కరెంటు వ్యాను కొనుక్కుని తనే నడపాలని ఆమె పట్టుదల. అంతకుముందు పాత కారుతో రెండుసార్లు పరీక్షకి వెళ్ళి, రెండుసార్లూ ఎత్తు మీద వెనక్కి జారి తప్పింది. ఆ రెండుసార్లూ టీచరు పెట్టిన చీవాట్లు ఆమెకి ఇంకా నోటికొచ్చు. ఇప్పుడు అదే ఎత్తు మీద ఒంటికాలితో, నవ్వుతూ బండిని నిలబెట్టి ముందుకి కదిలించేసరికి టీచరు మొహం తిప్పుకుంది.

"బాగా చెయ్యలేదా టీచర్‌గారూ?"

"బాగానే చేశావు. అదే కదా బాధ."

ఆ రోజే బజారువీధిలో ఆవిడకి మళ్ళీ పని దొరికింది. పేపరు చదువుకుంటూ నడుస్తున్న ఒకాయన, వెనక బండి ఉందన్న ధ్యాస లేకుండా పేవ్‌మెంటు దిగి సరాసరి ముందుకొచ్చాడు. టీచరు, నేర్పేవాళ్ళ కోసం తనవైపు పెట్టిన బ్రేకు అదిమింది. ఆయన ఉలిక్కిపడి పేపరు జారవిడిచి, "దెయ్యంలా వెనకాలకొస్తారేమిటండీ!" అని కసిరాడు. కారు సన్నగా ఈలలాంటి చప్పుడేదో చేస్తుంది కాని బజారు గోలలో అది ఎవరి చెవికి ఆనుతుంది?

ఇన్నాళ్ళూ టీచరు ఇంజిను ఏం చెబుతోందో వినమని నేర్పింది. వీధి కూడా అదే వింటూ ఉండేదని ఆవిడకి ఇప్పుడు తట్టింది. వెంటనే నిటారుగా సర్దుకుని కూచుంది.

"ఇదిగో, ఇకమీదట ఈ బండి వస్తోందని ఎవరూ వినరు. విన్నవాళ్ళెవరో, వినని వాళ్ళెవరో నువ్వు చూసి పైకి చెప్పాలి. ఆ గొడుగావిడ?"

"విన్నట్టుంది."

"విన్నట్టుందంటే కుదరదు! తల తిప్పిందా, లేదా?"

"తిప్పలేదు. వినలేదు."

"ఫోను పట్టుకున్న కుర్రాడు?"

"వినలేదు."

"కుక్క?"

"అది విన్నది టీచర్‌గారూ."

"దానికున్నంత జ్ఞానం పేపరాయనకి లేదు. పద."

ఆవిడ గొంతు మళ్ళీ సందు చివరిదాకా వినపడింది. తమ్ముడు గదిలోంచి తొంగిచూసి ఊపిరి పీల్చుకున్నాడు.

బేకరీ ఆవిడ పరీక్ష సోమవారం పొద్దున. ఆమె భర్త, రొట్టెలాయన, డీజిలు వ్యానులో ఆమెని దింపడానికి వచ్చాడు. వ్యాను తలుపు తీయగానే వేడివేడి రొట్టెల వాసన వీధంతా కమ్ముకుంది. తమ్ముడు ఠీవిగా రిమోట్ నొక్కాడు. కారు పలకలేదు. మళ్ళీ నొక్కాడు. దగ్గరికెళ్ళి నొక్కాడు, ఊది నొక్కాడు, ప్యాంటుకి తుడిచి నొక్కాడు. తలుపు పిడులు లోపలికి ముడుచుకునే ఉన్నాయి.

"చార్జింగు పెట్టలేదా?" అంది టీచరు.

"శనివారమే నిండా పెట్టానక్కా!" అంటూ కంపెనీ వాళ్ళకి ఫోను కలిపాడు. అవతల సంగీతం వాయిస్తూ, మీ కాల్ మాకెంతో విలువైనదని చెబుతున్నారు. వాడు కాలుకాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతున్నాడు. బేకరీ ఆవిడ మొహం పిండి రాసినట్టు తెల్లబడింది. "నాకు ఈసారి కూడా రాసిపెట్టి లేదు" అని మెట్టు మీద కూలబడింది.

ఆ గొడవలో టీచరు భర్త నెమ్మదిగా కారు ముందు వైపుకి జరిగాడు. ఎటో చూస్తున్నట్టు చూస్తూ ఒక్క వేలితో బానెట్ కొసని పైకెత్తాడు. అది లేచింది.

టీచరు చూడనే చూసింది.

"ఏమండీ."

"ఆఁ?"

"తలుపే తెరుచుకోని కారుకి బానెట్ ఎలా లేచింది?"

ఆయన బట్టతల ఎర్రబడింది. "నిన్న అద్దం నీళ్ళు పోశాను. మూత సరిగ్గా పడలేదేమో."

"ఆదివారం పోసే నీళ్ళకి సోమవారం కారు చస్తుందా?"

"పోశాక... ఊరికే కాసేపు లోపల కూచున్నాను."

"కూచుని?"

"రేడియో విన్నాను. పాటలు బాగా వస్తున్నాయి. లైటు కూడా వేసుకున్నాను. చదువుకుందామని."

"ఏం చదివారు?"

"ఈ కారు పుస్తకమే."

ఆ పుస్తకం ఆయన చంకలోనే ఉంది. తమ్ముడు దాన్ని లాక్కుని ఒక చెవిలో కంపెనీ సంగీతం వింటూనే పేజీలు తిరగేశాడు. సంగతి అందులోనే ఉంది. నడిపించే పెద్ద బ్యాటరీ వేరు, తలుపులకీ దీపాలకీ చిన్న బ్యాటరీ వేరు. చిన్నది నీరసిస్తే పెద్దది దానికి సాయం చేస్తుంది. బానెట్ మూసి లేకపోతే మాత్రం, ఎవరైనా చెయ్యి పెట్టారేమోనని, ఆ సాయం ఆపేస్తుంది.

"పెద్దది కడుపు నిండా తిని పడుకుంది, చిన్నది పస్తులుందన్నమాట" అన్నాడు రొట్టెలాయన. "మా అన్నదమ్ముల్లాగే ఉంది వ్యవహారం."

"ఆ చిన్నది ఎలా ఉంటుంది?" అన్నాడు భర్త.

"అదిగో, పక్కనే. పాతకారులో ఉండేదాని లాంటిదే" అన్నాడు తమ్ముడు.

ఆయన మొహం వెలిగిపోయింది. ఇంట్లోకి పరుగెత్తి, మేకుకి వేలాడుతున్న, బ్యాటరీకి బ్యాటరీ కలిపే పాత తీగల జత తెచ్చాడు. రొట్టెల వ్యానుని ముక్కు ముక్కూ రాసుకునేలా తెచ్చి నిలబెట్టారు. తమ్ముడు పుస్తకంలోంచి గట్టిగా చదువుతుంటే, ఆయన ఎర్రదాన్ని ఎర్రదానికీ, నల్లదాన్ని పుస్తకం చెప్పిన ఇనుప ముక్కకీ తగిలించాడు. టీచరు ఇద్దరి వెనకా నిలబడి, "ఎర్రదన్నాడు, ఎర్రది! కళ్ళు తెచ్చుకున్నారా?" అని అరుస్తోంది. రొట్టెలాయన వ్యాను స్టార్ట్ చేశాడు. అది దగ్గింది, ఉమ్మింది, గుప్పున పొగ వదిలింది. అలాంటి చప్పుడు విని ఎన్నాళ్ళయిందోనని టీచరు ఒక్క క్షణం అరవడం మరిచిపోయింది.

తెల్లకారు కళ్ళు తెరిచింది. పిడులు బయటికొచ్చాయి. లోపల తెర మీద శుభోదయం అని వచ్చింది.

"దీనికి ఇప్పుడు తెల్లారింది" అంది టీచరు. "ఎక్కండి!"

పరీక్ష పెట్టే ఆఫీసరు పొడుగ్గా, నవ్వు తెలియని మొహంతో, చంకలో అట్టతో ఉన్నాడు. ఆయన ముందు కూచున్నాడు. టీచరుకి వెనకసీటు. వెనక బ్రేకు ఉండదు. ఎత్తు మీద బండి ఆగింది, కదిలింది, గోరంతైనా జారలేదు. మార్కెట్ మలుపులో మాత్రం ఒకడు మడత పరుపు నెత్తిన పెట్టుకుని పేవ్‌మెంటు అంచున నడుస్తున్నాడు. పరుపు రెండువైపులా కిందికి వేలాడి చెవుల్నీ కళ్ళనీ కప్పేసింది. టీచరు ఎడమకాలూ కుడికాలూ కూడా కారు నేలని తొక్కిపెట్టాయి. అరవడానికి నోరు తెరిచింది.

కారు అప్పటికే ఆగింది.

"వినలేదు" అంది బేకరీ ఆవిడ, తనలో తను.

"ఎవరు వినలేదు?" అన్నాడు ఆఫీసరు.

ఆమె పాఠమే అనుకుంది కాబోలు. "పరుపాయన. సైకిలతను విన్నాడు. సంచీ ఆవిడ వినలేదు. ఆ గోడమీద పిల్లి విన్నది గాని లెక్కచెయ్యట్లేదు."

పరుపు అతను ఎవరు ఆగారో, ఎందుకు ఆగారో తెలియకుండానే రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. ఆఫీసరు పెదవి ఒక కొస కొంచెం కదిలింది. అట్ట మీద ఏదో రాసుకుని, "మీకు పాఠం చెప్పిందెవరు?" అన్నాడు. వెనకసీట్లో టీచరు తెరిచిన నోరు అప్పుడు మూసుకుంది.

పాసైన సంగతి తెలిశాక బేకరీ ఆవిడ టీచరుని వాటేసుకుని ఏడ్చింది. టీచరు, "చాల్లే, భుజం తడుస్తోంది" అంది గాని, తనే చాలాసేపు వదల్లేదు.

కొన్ని వారాలకి రొట్టెలాయన గదికొచ్చాడు, టోపీ చేతిలో పట్టుకుని. కొత్త కరెంటు వ్యాను వచ్చింది. ఆమె హాయిగా నడుపుతోంది. ఒకరోజు తనూ సరదాపడి ఎక్కాడు. మొదటి మలుపులోనే ఎడమకాలు పని చేసింది. వెనక అరల్లో పేర్చిన బన్నులన్నీ వచ్చి ఆయన మెడమీద పడ్డాయి.

"ఏం చేస్తే పోతుంది టీచర్‌గారూ ఈ కాలి రోగం?" అన్నాడు దీనంగా.

టీచరు మొహం చాలాకాలానికి విప్పారింది. "ఎక్కండి" అంది. "ముందు ఎడమకాలి బూటు విప్పండి. చేతులు తియ్యండి, ఆ చక్రం ఎక్కడికీ పారిపోదు."

ఆయన వెనకే పళ్ళ డాక్టరొచ్చాడు. తర్వాత కోర్టు గుమాస్తా. ఊళ్ళో ఒక్కొక్కరూ కరెంటు బండికి మారుతున్నారు, ఒక్కొక్కరూ మలుపు మలుపుకీ మనుషుల్ని అద్దాలకేసి కొడుతున్నారు. "మీరు నేర్పిందే కదా, మీరే మాన్పించండి" అని పూలకొట్టాయన దెబ్బలాటకే వచ్చాడు. నేర్పడానికి ఎన్నాళ్ళు తిట్టిందో, మరిపించడానికి అంతకంటే ఎక్కువ తిట్టాల్సి వచ్చింది. ఆవిడకి మళ్ళీ ఒంట్లో సత్తువ వచ్చింది. గొంతుకి వేడినీళ్ళు తాగాల్సి వచ్చింది.

ఆ సంబరంలో తమ్ముడు ఒక ఆదివారం, "బావతో కలిసి ఎటైనా వెళ్ళిరా అక్కా, కారు తీసుకుపో" అన్నాడు. పక్క ఊళ్ళో భర్త పాత సహోద్యోగి ఒకాయన ఉన్నాడు, భోజనానికి రమ్మని ఎప్పటి నుంచో పిలుస్తున్నాడు. బయలుదేరారు. ఎండకి ఏసీ వేసుకున్నారు, దారిలో కొండ ఎక్కారు. కొండ దిగేసరికి చార్జింగు అంకె చూసి ఇద్దరూ ఏసీ కట్టేసి, కిటికీలు దించి, మాట్లాడటం కూడా తగ్గించారు, మాటలకి కూడా కరెంటు ఖర్చవుతుందేమోనన్నట్టు. చివరికి ఒక ఫర్నిచరు కొట్టు వెనక ఖాళీ స్థలంలో చార్జింగు స్తంభం దొరికింది.

వైరు తగిలించాక చెయ్యడానికేమీ లేదు. ఆయన గుడ్డ పట్టుకుని కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. టైర్లు చూశాడు. వచ్చి ఆవిడ పక్కన అరుగు మీద కూచున్నాడు. వాళ్ళిద్దరూ పని లేకుండా అలా పక్కపక్కన కూచోవడం ఈమధ్యకాలంలో జరగలేదు.

"ఇన్నేళ్ళు కార్లు విప్పి బిగించారు. ఒక్కనాడైనా నడపడం నేర్చుకోవాలనిపించలేదా మీకు?" అంది ఆవిడ.

"అనిపించకేం."

"మరి నేర్చుకోలేదేం?"

"నీ దగ్గరా?" అన్నాడు ఆయన. అనేశాక భయపడి నేల చూశాడు.

"నా దగ్గర కాకపోతే ఇంకొకరి దగ్గర."

"ఇంట్లో నిన్ను పెట్టుకుని ఇంకో స్కూలుకి వెళ్తే ఊరుకునేదానివా?"

ఆవిడ కోపం తెచ్చుకోబోయి, ఆగి, పకపకా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు, ముందు అనుమానంగా, తరవాత బాహాటంగా. ఫర్నిచరు కొట్టాయన కిటికీలోంచి చూసి ఎవరో పనీపాటా లేనివాళ్ళనుకున్నాడు.

కారు నిండాక ఆవిడ తాళం ఆయన చేతిలో పెట్టింది. స్థలమంతా ఖాళీగా ఉంది, ఒక మూల విరిగిన సోఫా తప్ప. ఆయన కూచున్నాడు. చేతులెక్కడ పెట్టాలో, కాళ్ళెక్కడ పెట్టాలో చూసుకున్నాడు. ఆయన ఎడమకాలికి ఏ అలవాటూ లేదు, అది బుద్ధిగా పక్కన ఉండిపోయింది. కారు నడక వేగంలో స్థలం చుట్టూ తిరిగింది. సోఫా దగ్గర చక్కగా మలుపు తీసుకుంది. రెండోసారీ తీసుకుంది. ఆవిడ తనవైపు బ్రేకు మీద కాలు పెట్టుకుని, ఏదో ఒకటి అందామని నోటిదాకా తెచ్చుకుని, మింగేసింది.

వాళ్ళు వెళ్ళేసరికి భోజనాల వేళ ఎప్పుడో దాటిపోయింది. సహోద్యోగి వాకిట్లోనే ఎదురొచ్చాడు.

"ఇంతసేపా! ఈ కరెంటు బండ్లతో ఇదే గొడవ. చార్జింగుకి అంతసేపు పట్టిందా?"

"అవునండీ, చాలాసేపు పట్టింది" అన్నాడు ఆయన.

ఆవిడ కాదనలేదు.